జరుగవ్వా

కృష్ణా స్టేషన్ల దిగితె మొదాలు తగిలేది వాసనే:
ఏటి బురద, తడి ఇనుము, ఎవరో ఆర్పిన బీడి.
అప్పుడు నాకు ఆరేండ్లు.
మక్తల్ నుంచి లారీల వచ్చి
బొంబాయి బండికోసం నడిరాత్రి దిగినం.
గంపలు, గడ్డపారలు, ఒక కోడి,
పద్దెనిమిది మందిమి.

పట్టాలు దాటేకాడ దీపం లేకుండె.
ఉశేనమ్మ ఉండె.
తట్టల బొరుగులు పెట్టుకొని అమ్ముకునే మనిషి.
ఏ డ్యాము కాడనో ఒక చెయ్యి నలిగి
ఇగ పనికి రాదని గుంపుమేస్త్రి తిప్పి పంపినంక
మల్ల ఏ బండీ ఎక్కలే.
చీకట్ల నిలబడి చెప్తుండె:
"ఒకని అంగి ఒకడు పట్టుకోండ్రి.
నన్ను పట్టుకోవద్దు.
నన్ను రాసుకుంట పోండ్రి."

ఇప్పుడు నారాయణపేట కాలేజీల
కర్టెన్లు మూసి, ప్రొజెక్టర్ ఏసి
పిల్లలకు ఎలుక మెదడు చూపిస్తున్న.
ఎదుగుడు అయిపోయిన ఎలుక.
అయినా దాని మెదడు లోపటి నీళ్ళ గదుల గోడపొంటి
దినాం కొత్త నాడీకణాలు పుడతనే ఉంటయ్.
పుట్టిన తావుల వాటికి పని లేదు.
ముక్కు దిక్కు, వాసనలు విప్పుకునే ఇంటికి పోవాలె.
ఒకదాని మీద ఒకటి పాక్కుంట
ఒకదాని అంగి ఒకటి పట్టుకొని పోతయ్.

ఆ వరుసకు రెండు దిక్కుల
చుక్కల లెక్క చేతులు చాపి నిలబడ్డయే, అవి వేరే.
కబురు మోసే కణాలు కావు.
పాత పండితులు జిగురు అని పేరు పెట్టి
పక్కకు నూకిన జాతి.
సొరంగం తీరు అల్లుకుంటయ్,
పక్కదారి పట్టనియ్యవు.
బతికేటందుకు ఇంత, ఆగొద్దనేటందుకు ఇంత
ఏవో రసాలు ఊరిస్తయ్.
అవి మాత్రం యాడికీ పోవు.

రుక్మిబాయి చెయ్యెత్తింది. ఎనక బెంచీ, తండా పిల్ల.
"సార్, గంత అడ్డం నిలబడితె
దారి ఎట్ల దొరుకుతది?"

కొత్తయే ఒక ప్రోటీన్ విడుస్తయ్ అన్న.
అది తగలంగనే
చుక్కల చేతులు జర ముడుసుకుంటయ్.
జరుగుమంటె జరుగుతయ్.
అంతే చెప్పిన. గొంతు పట్టింది.
సాక్‌పీస్ దుమ్ము అనుకున్నరు పిల్లలు.

ఆ రాత్రి నేను వరుస నడుమల,
ముందట మా నాయిన అంగి, ఎనక చిన్నాయిన మోకాళ్ళు.
ఎత్తుగ ఏదో మెత్తటి గోడ అడ్డమొచ్చింది.
మోచేత్తోని పొడిసి అన్న:
జరుగవ్వా!
జరిగింది.
నవ్విందో నొచ్చిందో చీకట్ల కనబడలే.
జేబుల మాత్రం గుప్పెడు బొరుగులు పడ్డయ్,
వేడి ఇసుక వాసన ఇంకా పోని బొరుగులు.
షోలాపూర్ దాటేదాక ఒక్కొక్కటి తిన్న.

రాసుకోండ్రి అన్న. పరీక్షల అడుగుతరు.
పెద్దయిన మనిషి తలకాయల గూడ
ఈ నడక ఉంటదా ఉండదా, తగువు తెగలే.
ఉందంటరు కొందరు, మాకు కనబడలేదంటరు కొందరు.
ఎలుకల్ల అయితె
చేరిన వాటిల సగం దాక నిలబడవు.
సగం, అని బోర్డు మీద రాసిన.
పద్దెనిమిది మందిల
వాపసొచ్చింది పదముగ్గురమే అని రాయలే.

మొన్నామధ్య కృష్ణాల దిగిన.
పట్టాల మీదికెల్లి వంతెన కట్టిన్రు,
ట్యూబ్‌లైట్లు.
ఛాయ్ పిలగాన్ని అడిగితె
ఉశేనమ్మ ఎవరు సార్, అన్నడు.
చెప్పేటందుకు నాదగ్గర
ఆమె మొకం గూడ లేదు.

గంట కొట్టిన్రు. ప్రొజెక్టర్ బంద్ చేసిన.
కర్టెన్ తీసేలోపట, ఇంకా చీకటి ఉండంగనే
ఎవరో టిఫిన్ డబ్బ మూత ఇప్పిన్రు.
జొన్నరొట్టె. ఎల్లిపాయ కారం.
నలబై తలకాయలు
ఒక్కసారి అటు తిరిగినయ్.